గడప వెలుపల విడువవలసినవి



ఆదివారము ఉదయమున మందిరమునకు వచ్చు ప్రతివాడును చెప్పులను గడప వెలుపల విడిచి లోనికి వచ్చును. ఇది మన దేశపు మంచి అలవాటు. దేవుని యెదుట నిలుచు చోటికి వీధి దుమ్మును తేకూడదని పెద్దలు మనకు నేర్పిరి. అయితే కాళ్ల దుమ్ముకంటె గట్టిగా మనస్సునకు అంటుకొను దుమ్ము ఒకటి యున్నది. దేవుడు ఇట్టివాడు, ఆయన వీరిని చేర్చుకొనును, వారిని చేర్చుకొనడు, ఈ కష్టము ఫలానా పాపమునకు ఫలము అని వాక్యమును వినకముందే మనలో స్థిరపడిన తలంపులే ఆ దుమ్ము. వానిని వెంటబెట్టుకొని లోపల కూర్చుందుము. వాక్యము విందుము. తెచ్చిన తలంపులనే తిరిగి యింటికి మోసికొనిపోవుదుము.

అపొస్తలుల కార్యములు పదియవ అధ్యాయము తెరచి చూడుడి. యొప్పే పట్టణములో పేతురు మిద్దెమీద ప్రార్థన చేయుచుండగా నాలుగు చెంగుల దుప్పటివంటిది ఆకాశమునుండి దిగివచ్చెను. అందులో నానావిధములైన జంతువులుండెను. చంపుకొని తినుమని స్వరము వినబడగా పేతురు ఒప్పుకొనలేదు. ఆలాగు ముమ్మారు జరిగెను. ఈ పేతురు ఎవరు? ప్రభువు వెంట తిరిగినవాడు, నీళ్లమీద నడచినవాడు, పెంతెకొస్తు దినమున వేలమందికి బోధించినవాడు. అట్టివాడు పరలోకమునుండి వచ్చిన మాటకే అడ్డు చెప్పెను. అతనిని ఆపినది దురాశ కాదు, కోపము కాదు. చిన్ననాటినుండి పవిత్రమని నేర్చుకొనిన ఆచారమే అతనిని ఆపెను. పాపము మనలను దేవునికి దూరపరచునని అందరమును ఎరుగుదుము. భక్తి యనుకొనినదియే ఒక్కొక్కప్పుడు దేవుని మాటకు అడ్డుగోడ కాగలదని మాత్రము మరచిపోవుచున్నాము.

మన ఉత్తర తీరమునకు సువార్త వచ్చిన చరిత్రను ఈ సంగతి మనస్సున ఉంచుకొని చదివినయెడల ఒకటి స్పష్టమగును. విన్నవారు తమ ముందు తలంపులను విడిచిరి. బోధింప వచ్చినవారును తమవి విడువవలసి వచ్చెను. ఇప్పుడు ఆ వంతు మనది.

1. దొరల మతమను తలంపు

సువార్తకు మన ప్రాంతమున ఎదురైన మొదటి మాట ఇది దొరల మతమనునది. పన్ను వసూలు చేయు దొర, తుపాకి పట్టిన దొర, పుస్తకము పట్టిన దొర ముగ్గురును ఒక్క రంగువారే గనుక జనులు అట్లు తలంచుటలో వింత లేదు. అయితే నిజము వేరు. 1813వ సంవత్సరము వరకు కుంఫిణీవారు మిషనరీలు తమ ఏలుబడిలోనికి స్వేచ్ఛగా వచ్చుటకు ఇష్టపడలేదు. మతబోధవలన ప్రజలు కలతపడుదురనియు, తమ వర్తకమునకు నష్టము కలుగుననియు వారు భయపడిరి. అందుచేతనే విలియం కేరీగారు కలకత్తాలో గాక డేనిష్ వారి పాలనలోనున్న శ్రీరాంపురములో నివసించిరి. పరిపాలించిన దొరలే బోధించు దొరలను ఆటంకపరచిన కాలమది.

1805లో లండన్ మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు విశాఖపట్నము చేరిరి. క్రాన్ గారు 1809లోను, డెస్ గ్రాంజెస్ గారు 1810లోను మరణించిరి. అయినను వారి పని వారితో సమాధి కాలేదు. ఆనందరాయరు అను మహారాష్ట్ర బ్రాహ్మణుడు వారికి తోడైయుండెను. మనశ్శాంతి కొరకు మంత్రజపములు చేసి, అది దొరకక, క్రీస్తునొద్దకు వచ్చినవాడాయన. సువార్తలను తెలుగు చేయుటలో ఆయన సహాయము మిక్కిలి గొప్పది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయినవి. 1818 నాటికి క్రొత్తనిబంధన యంతయు తెలుగులో వెలువడెను.

ప్రియులారా, దీనిని గమనింపుడి. తెలుగు సువార్త మొదటి పుటలు అచ్చయిననాటికే అందులో ఈ దేశపు మనుష్యుని పలుకు కలిసియున్నది. ఇక ప్రభువు మాట తీసికొందమా, నజరేతు ఇంగ్లండులో లేదు, కెనడాలో లేదు. అది మన ఆసియా ఖండపు గ్రామము. బావులు, ద్రాక్షతోటలు, గొఱ్ఱెల మందలు, చేపల వలలు గల దేశమున ఆయన బోధించెను. భావనపాడులోను బారువలోను వల బాగుచేసికొను మనుష్యునికి గలిలయ సముద్రతీరపు కథ లండను పట్టణస్థునికంటె సులభముగా అర్థము కావలెను.

నజరేతులోనుండి మంచిదేదైన రాగలదా అని నతనయేలు సందేహించెను. ఫిలిప్పు అతనితో వాదము పెట్టుకొనలేదు. వచ్చి చూడుమని మాత్రము పిలిచెను. నతనయేలు లేచి వెళ్లెను. అతని గొప్పతనము అక్కడనే యున్నది. సందేహమును దాచలేదు. అయితే సందేహమును సాకుగా పెట్టుకొని ఇంటిలో కూర్చుండలేదు.

2. ఒక నేతగాడు, ఒక పండితుడు

నేడు పలాస, టెక్కలి, సోంపేట శ్రీకాకుళము జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఈ ప్రాంతమును పర్లాకిమిడి, బరంపురములును ఒక్క గంజాము జిల్లాలోనే యుండెను. శ్రీకాకుళము వేరు జిల్లా అయినది 1950లో. కాబట్టి ఇచ్ఛాపురము అవతల జరిగిన చరిత్రయు మన చరిత్రయే.

1822లో ఇంగ్లండు జనరల్ బాప్తిస్టు మిషనువారు కటకము చేరి పని ప్రారంభించిరి. అయిదేండ్లపాటు వారు బోధించినను బాప్తిస్మము పొందుటకు ముందుకు వచ్చిన దేశస్థుడు లేకపోయెను. 1827 డిసెంబరులో బరంపురమున విలియం బాంప్టన్ గారిచేత బాప్తిస్మము పొందిన మొదటి విశ్వాసి ఒరియావాడు కాడు, తెలుగువాడు. మిషనరీలు ఆయన పేరును ఎరున్ అని వ్రాసిరి. ఆయన నేతగాడు. పండితులతో వాదించి గెలిచినవాడు కాడు. మగ్గము ముందు కూర్చుండి పొట్ట పోసికొనినవాడు. ఒరిస్సా మిషను చరిత్రలో మొదటి పేరు ఈ తెలుగు నేతగానిదే.

ఆరేండ్ల తరువాత మరియొక తెలుగు విశ్వాసి లేచెను. ఆయనను మీరందరును ఎరుగుదురు. పేరు ఎరుగకపోయినను ఆయన కీర్తనలు పాడియున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తన క్రింద రచయిత పేరు చూచినయెడల పురుషోత్తమ చౌదరిగారి పేరు మాటిమాటికి కనబడును.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిరి. వారి వంశము వంగదేశమునుండి వచ్చిన వైష్ణవ బ్రాహ్మణ వంశము. శాస్త్రమును, ఛందస్సును, సంగీతమును ఎరిగిన విద్వాంసుడాయన. భక్తిలేని మనుష్యుడు కాడు. భక్తితో నిండిన ఇంట పెరిగినవాడు. అట్టివాని చేతికి క్రైస్తవ కరపత్రము వచ్చెను. ఇట్టి కాగితమును తెలిసినవాడు ఏమి చేయును? మనకు లేని శాస్త్రమా అని ప్రక్కన పడవేయును, లేక ఖండించుటకే చదువును. ఆయన అట్లు చేయలేదు. చదివెను. చదివినది తన మనస్సులోని ప్రశ్నలను కదలింపగా నెమ్మది లేక వెదకనారంభించెను. శ్రీకాకుళమున హెలెన్ నాట్ దొరసానిగారు ఆయనకు సహాయపడిరి. ఆ కాలమున ఒక బ్రాహ్మణ పండితుడు ఒక స్త్రీయొద్ద, అందునను పరదేశపు స్త్రీయొద్ద, దేవుని సంగతులు విచారించుట ఎంత తగ్గింపో ఆలోచించుడి. కులము, విద్య, పురుషుడనను గౌరవము మూడింటిని ఆయన ఆ గడప వెలుపలనే విడిచెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. 1890లో మరణించువరకు బోధించుచు, వ్రాయుచు, పాడుచు నుండెను.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ముందు తలంపులు విడుచుట యనగా మనకున్నదంతయు పారవేయుటయా? చౌదరిగారి జీవితమే దీనికి జవాబు. ఆయన కులగర్వమును విడిచెను, తెలుగును విడువలేదు. విగ్రహపూజను విడిచెను, రాగతాళములను విడువలేదు. పాశ్చాత్యుల పాటల వరుసలు మనవారి నోటికి ఎక్కని దినములలో, ఈ దేశపు రాగములతోనే క్రీస్తును కీర్తించెను. నేటికిని మన పాటల పుస్తకములో కీర్తన పైన రాగము పేరు, తాళము పేరు వ్రాసియుండుట చూచుచున్నారు గదా.

పలాస జీడిపప్పు కార్ఖానాలలో పనిచేయు మన అక్కచెల్లెండ్రు ఈ సంగతి సులభముగా గ్రహింతురు. జీడిపిక్కను కాల్చి, పెంకు పగులగొట్టి, పైపొర తీసి పప్పును వేరు చేయుదురు. పెంకులోని నూనె చేతులను పొక్కించును. పెంకుతోకూడ పప్పును నమలువాడు నోరు కాల్చుకొనును. పెంకు చేదని పిక్కనంతటిని పారవేయువాడు పప్పును పోగొట్టుకొనును. ఏది పెంకు, ఏది పప్పు అని తెలిసికొనుటకు ఓర్పు కావలెను, చేతులు కొంత నొచ్చుటకు సిద్ధపడవలెను. చౌదరిగారు ఆ పని చేసిరి.

3. బోధకులును నేర్చుకొనిరి

వినువారికే ముందు తలంపులుండునని అనుకొనవద్దు. బోధింపవచ్చినవారికిని ఉండెను.

1873లో కెనడా దేశపు తూర్పుతీర రాష్ట్రములనుండి బాప్తిస్టు మిషనరీలు కొందరు బయలుదేరిరి. వారు రాదలచినది మన దేశమునకు కాదు. నేటి థాయిలాండు దేశమైన స్యాములో కరేను జనులు విస్తారముగా నున్నారనియు, వారిమధ్య గొప్ప పని జరుగుననియు నమ్మి అక్కడికి పోయిరి. అడవులు కొండలు తిరిగి చూడగా తాము తలంచినంతమంది కరేనులు అక్కడ లేరు. ఏండ్లకొలది ప్రార్థించి, కానుకలు కూర్చి, సంఘములు పంపిన పని అది. తప్పు ఒప్పుకొనక అక్కడనే కాలము గడుపవచ్చును. వారు అట్లు చేయక, 1875లో సముద్రము దాటి తెలుగు దేశమునకు వచ్చిరి. అంతకు ముందటి సంవత్సరమే మెక్లారిన్ గారు కాకినాడలో కెనడా బాప్తిస్టుల పని ప్రారంభించియుండిరి. క్రొత్తగా వచ్చినవారు ఉత్తరముగా సాగి భీమునిపట్నము, బొబ్బిలి, శ్రీకాకుళములలో పని చేపట్టిరి. తరువాతి కాలమున పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటలును మిషను స్థలములాయెను. మన సంఘములలో అనేకము ఒక విధముగా ఆ మారిన ప్రయాణమునకు ఫలములే. వారు తమ ఏర్పాటును దేవుని చిత్తమనుకొని పట్టుకొని కూర్చుండినయెడల మన ఊళ్ల చరిత్ర వేరుగా నుండెడిది.

దక్షిణమున ఒంగోలులో జరిగినది మరింత లోతైనది. 1866లో జాన్ క్లఫ్ గారు అక్కడికి వచ్చిన కాలమున అనేక మిషనరీల తలంపు ఏమనగా, మొదట అగ్రకులములవారిని గెలువవలెను, తరువాత తక్కినవారు వారి వెంట వత్తురు. బడికి అగ్రకులముల పిల్లలు వచ్చుచుండిరి. ఇంతలో మాదిగలు సువార్తను అంగీకరించి సంఘములో చేరనారంభించిరి. వారిని చేర్చుకొనినయెడల మేము రామని అగ్రకులములవారు తెలియజేసిరి. ఏమి చేయవలెనో తోచక క్లఫ్ గారును ఆయన భార్యయు వేరువేరుగా బైబిలు తెరవగా ఇద్దరికిని ఒక్క భాగమే కనబడెను. అది మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము. లోకము లెక్కచేయని వారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు అక్కడ చెప్పుచున్నాడు. ఆ వాక్యము వారు ఎన్ని పర్యాయములు చదివియుండిరో! ఆ దినమున మొదటిసారి చదివినట్లు చదివిరి. తలుపు తెరచిరి. బడికి వచ్చినవారు వెడలిపోయిరి. పండ్రెండేండ్ల తరువాత, గొప్ప కరవు గడచిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

4. తిరిగివచ్చు తలంపులు

ఇట్టి పితరులకు పుట్టిన సంఘములము మనము. నేడు మనలో అనేకులు మూడవ తరము, నాలుగవ తరము క్రైస్తవులు. విగ్రహము విడిచినవాడు మన తాత. వాక్యమునకు క్రొత్తగా చెవియొగ్గినది మన అవ్వ. మనకు సువార్త పుట్టుకతో వచ్చిన ఆస్తివలె నున్నది. వారసత్వముగా వచ్చిన పొలమును కొలుచుకొనువారు తక్కువ. అందుచేత దాని గట్లు ఎక్కడ జరిగిపోయినవో మనకు తెలియదు.

పేతురు సంగతి మరల చూడుడి. కొర్నేలీ యింట దేవుడు పక్షపాతి కాడని తెలిసికొనిన పేతురే, అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేయుచుండి, యెరూషలేమునుండి తనవారు రాగానే వెనుకకు తగ్గెను. పౌలు అందరియెదుట అతనిని గద్దింపవలసివచ్చెను. గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో ఇది యున్నది. ఒక పర్యాయము గడప వెలుపల విడిచినది మరల కాళ్లకు ఎక్కునని దీనివలన నేర్చుకొనుచున్నాము.

మనలో కులపు మాట చచ్చెనా? ప్రభువు బల్లయొద్ద ఒక్క రొట్టె విరుచువారము, పెండ్లి మాట వచ్చునప్పటికి ఏ పేటవారని అడుగుచున్నాము. ఇది మన దేశాచారమని సమాధానము చెప్పుదురు. పేతురునకును తన దేశాచారమే యుండెను. అయినను దేవుడు అతనిని ఎక్కడ బసచేయించెనో చూచితిరా? యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంటిలో! యూదులు మైలపనిగా ఎంచిన పని చేయువాని మిద్దెమీదనే ఆ దర్శనము కలిగెను.

5. ఎవడు పాపము చేసెను?

ఇప్పుడు మన ఉద్దానమును మిక్కిలి బాధించు సంగతికి వత్తును. కులముకంటె మెత్తగా మాటలాడుచు, కులమంత లోతుగా గాయపరచు తలంపు ఒకటి మన సంఘములలో ఉన్నది. వ్యాధి వచ్చినయింట దాగిన పాపమున్నదను తలంపు అది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో కిడ్నీ జబ్బు చేసిన నష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. 1990ల దశకమునుండి వైద్యులు దీనిని గుర్తించుచున్నారు. సామాన్యముగా మూత్రపిండములు చెడుటకు మధుమేహమో రక్తపుపోటో కారణమగును. ఇక్కడ అనేకులకు ఆ రెండును లేకయే జబ్బు వచ్చుచున్నది. మొదట నొప్పి లేదు, గురుతు లేదు. క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనునప్పటికి చాలవరకు చెడిపోయియుండును. నీటిని పరీక్షించిరి, నేలను పరీక్షించిరి, పురుగుమందులను, ఎండలో పనిచేయువారికి ఒంటిలో నీరు తగ్గుటను, నొప్పి మాత్రల వాడకమును విచారించిరి. ఒక్క కారణమును నిశ్చయముగా చూపలేకపోయిరి.

కారణము తెలియనిచోట మనుష్యుడు కథ కల్పించును. పూర్వజన్మ కర్మమని ఒకరందురు, అమ్మవారి ఆగ్రహమని మరియొకరందురు. మన మందిరములో కూర్చుండు వారు ఆ మాటలు అనరు. అయితే అతడు దశమభాగము సరిగా ఇయ్యలేదనియు, ఆమె తండ్రి చేసిన పాపము ఇంటిని వెంటాడుచున్నదనియు, విశ్వాసముండినయెడల ఈపాటికి స్వస్థత కలిగియుండుననియు గుసగుసలాడుదురు. మాట మారినది, తలంపు మారలేదు. పాత తలంపునకు క్రొత్త బట్ట కట్టితిమి.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు అడిగినది ఇదే. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని ప్రభువును ప్రశ్నించిరి. వారి యెదుట నున్నది ఒక మనుష్యుడు. వారికి కనబడినది ఒక ప్రశ్న. వీడు కాదు, వీని కన్నవారును కారు అని ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. దేవుని క్రియలు వీనియందు కనబడవలెనని చెప్పి, నేలమీద ఉమ్మివేసి, బురదచేసి, పని ప్రారంభించెను. శిష్యులు వెనుకకు తిరిగి నేరము వెదకుచుండిరి. ప్రభువు ముందుకు వంగి చేతులు మురికి చేసికొనెను. లూకా పదుమూడవ అధ్యాయములో సిలోయము గోపురము కూలి చచ్చిన పదునెనిమిది మందిని గూర్చియు ఆయన అదే చెప్పెను. వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలమట్టమాయెను. తరముల శ్రమ ఒక్క రాత్రిలో పోయెను. ఆ గాలి ఎవరి తోటలో విశ్వాసమున్నదని అడిగి వీచెనా? మూత్రపిండముల జబ్బును అంతే. ఇట్టి వ్యాధియే శ్రీలంకలో వరి పండించు బౌద్ధ రైతులకు వచ్చుచున్నది. నికరాగ్వా మొదలైన మధ్య అమెరికా దేశములలో చెరకు నరకు క్రైస్తవ కూలీలకు వచ్చుచున్నది. వేరువేరు దేశములలో మూడు మతములవారు, అందరును ఎండలో నేల దున్నువారే. ఇక పాపమెవరిదని అడుగుదుము?

ఈ తలంపువలన కలుగు హాని మాటలతో పోదు. సిగ్గుపడినవాడు పరీక్షకు పోడు. పోయినవాడు కాగితము దాచును. భర్తను పోగొట్టుకొనిన స్త్రీ ఓదార్పు కొరకు మందిరమునకు వచ్చి, ప్రక్కవారి చూపులో తీర్పు చదివి, మరల రాదు. విశ్వాసముంటే మందు మానుమని చెప్పు బోధకుని మాట విని డయాలసిస్ మానినవాడు ప్రాణము పోగొట్టుకొనును. అట్టి మాట సువార్తలో లేదు. పౌలు తన శరీరపు ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడినను అది తీసివేయబడలేదు. అతడు త్రోఫిమును రోగియై యుండగా మిలేతులో విడిచివచ్చెను. తిమోతి తరచుగా బలహీనపడుచుండెను. వీరికి విశ్వాసము తక్కువని ఎవడు చెప్పగలడు?

యోహాను తొమ్మిదవ అధ్యాయమునకు మన సోంపేటలోనే ఒక వ్యాఖ్యానము వ్రాయబడినది. అది సిరాతో వ్రాసినది కాదు. కెనడా మిషను వైద్యుడు బెన్ గల్లిసన్ గారు అక్కడ కంటి శుక్లములకు శస్త్రచికిత్స చేయుచుండిరి. గ్రుడ్డితనము తలవ్రాత యని ఇంటి మూల కూర్చుండిన పేదలు చూపు పొంది నడచిపోయిరి. 1963లో కెనడా దేశపు కాల్గరీ పట్టణమున ఆర్థర్ జెంకిన్స్ అను వర్తకుడు గల్లిసన్ గారివలన ఈ పనిని గూర్చి విని, దానికి తోడ్పడుటకు ఆపరేషన్ ఐసైట్ అను సంస్థను స్థాపించెను. సోంపేటకు సహాయముగా మొదలైన ఆ పని తరువాత ఇతర దేశములకు వ్యాపించెను. ఆ వైద్యుడు రోగిని బల్లమీద పరుండబెట్టి, నీ తండ్రి ఏమి పాపము చేసెనని అడుగలేదు. శుక్లము తీసెను.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును, ఉద్దానమునకు వంశధార నీటిని తెచ్చు మంచినీటి పథకమును ప్రారంభించిరి. ఇవి ప్రభుత్వము చేసిన పనులు. మంచినీరు ఏ మార్గమున వచ్చినను దేవుని దయయే. అయితే సంఘము చేయవలసిన పని మిగిలియున్నది. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవు తోడు, వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్ కు పోవువాని ఇంట పొలము పని చూచు చేతులు, విధవరాలి ప్రక్కన మందిరపు చాపమీద కూర్చుండు సహోదరి, వీరిని ప్రభుత్వము పంపజాలదు.

6. ఏలాగు చదువవలెను?

ముందు తలంపులు విడువుమని చెప్పుట సులభము. విడుచుటకు అభ్యాసము కావలెను. బెరయలోనివారు పౌలు మాటను ఆసక్తితో విని, అది నిజమో కాదో అని దినదినము లేఖనములు పరిశోధించిరి. పౌలంతటి బోధకునినే పరీక్షించినందుకు లేఖనము వారిని నిందింపక ఘనులని చెప్పుచున్నది. కాబట్టి కాపరి చెప్పినను, పత్రికలో అచ్చయినను, వాక్యముతో సరిచూచుకొనుడి. ఈ వ్యాసమునుకూడ.

మార్కు సువార్తలో పదునారు అధ్యాయములున్నవి. రాత్రి భోజనమైన పిమ్మట దినమునకు ఒక్క అధ్యాయము చొప్పున బిగ్గరగా చదువుడి. చదువురాని పెద్దలు ఇంటిలోనున్నయెడల వారిని తప్పక కూర్చుండబెట్టుకొనుడి. ఎరున్ వలె, చౌదరిగారివలె, ఈ కథ ఎన్నడును వినలేదనుకొని వినుడి. ఇక్కడ ప్రభువు ఎవరిని ముట్టెను, ఎవరితో భుజించెను, ఎవరిమీద కోపించెను అని ఒకరినొకరు అడుగుడి. ఆయన కుష్ఠరోగిని ముట్టెను. సుంకరితో భుజించెను. భక్తిపేరిట రోగిని విశ్రాంతిదినమున స్వస్థపరచకూడదన్న వారిమీద కోపించెను. ఈ మూడు జవాబులను మన పేటలో, మన సంఘములో నిలిపి చూచినయెడల, మనలో ఏది పెంకో ఏది పప్పో మనకే తెలియును.

వీలైనయెడల వేరొక పేటనుండి, వేరొక కులమునుండి వచ్చిన విశ్వాసిని పిలిచి కలిసి చదువుడి. కిడ్నీ జబ్బుతో నున్న సహోదరుని ఇంటికి మీరే పోయి, అతని మంచము ప్రక్కన యోహాను తొమ్మిదవ అధ్యాయము చదువుడి. అతనికి మీరు బోధింపవద్దు. ఆ అధ్యాయములో అతనికి ఏమి వినబడినదో అడిగి, మీరు వినుడి. సువార్తలో మనము దాటిపోయిన మాటలు బాధపడువాని చెవికి ముందుగా వినబడును.

పరలోకమందున్న మా తండ్రీ, నీ మాటకు ముందు మా మాటను నిలిపితిమి. నీవు కడిగినవారిని మేము మైలవారనుకొంటిమి, నీవు నేరము మోపనివారిమీద నేరము మోపితిమి. మిద్దెమీద పేతురునకు ముమ్మారు ఓపికతో చెప్పినట్లు మాకును చెప్పుము. ఉద్దానపు తోటలలో బాధపడు నీ బిడ్డలయొద్దకు మమ్మును పంపుము. క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.